చంపానంటండి

మా నూజివీడు వైపు మనుషులు తిట్టినా చివర్లో 'అండీ' తగిలించే తిడతారు. బయటివాళ్ళు అది విని ఎంత మర్యాదస్తులో అనుకుంటారు. నా తమ్ముణ్ణి పోలీసు జీపు ఎక్కించిన రోజున కూడా ఊరు మర్యాదగానే ఉంది. "కొంచెం తప్పుకోండమ్మా, వీడియోకి అడ్డం వస్తున్నారు" అన్నాడు మా వీధి చివర ఎరువుల కొట్టతను. ఇప్పటికీ నేను బజారుకి పోవాలంటే అతని కొట్టు ముందు నుంచే పోవాలి. చూసినప్పుడల్లా "బాగున్నారాండీ" అంటాడు. ఏం బాగు, నీ బొంద! పైకి మాత్రం ఏమీ అనను, మొహం తిప్పుకుని పోతాను.

ఇదంతా రాయడం తమ్ముడికి ఇష్టం లేదు. "అయిపోయిందిగా అక్కా, వదిలెయ్" అంటాడు. వాడు వదిలేస్తాడు. వాడి గుణం అది. నేను వదలను.

వాడు నాకంటే పదేళ్ళు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. మా ఆయన పోయి నేను పుట్టింటికి వచ్చేసరికి వాడు మామిడి తోట పని మొత్తం మీద వేసుకున్నాడు. బంగినపల్లి, చిన్న రసాలు, గట్టు వెంబడి కలెక్టర్ కాయ. పెద్ద తోటేం కాదు, ఇద్దరి పొట్ట గడిచేది. ఆ ఏడు కోతలయ్యాక వాడికి పెళ్ళి చెయ్యాలని చింతలపూడిలో ఒక అమ్మాయిని చూసి వచ్చాం. ఇద్దరికీ నచ్చింది. ఆషాఢం వెళ్ళాక ముహూర్తం పెట్టుకుందాం అన్నారు వాళ్ళు.

కోత సగంలో ఉండగా గాలివాన వచ్చింది. గాలికి రాలిన కాయని మేం గాలి కాయ అంటాం. దెబ్బ తగిలిన కాయ అది, సరిగా మాగదు, కుళ్ళుతుంది. దాన్ని చెట్టున కోసిన కాయలో కలిపి అమ్మాడంటే ఆ రైతు పరువు గంగలో కలిసినట్టే. తమ్ముడు లోడు తీసుకుని షెడ్డుకి వెళ్తే, కాయ కొనే షావుకారు పది మంది రైతుల ముందు "ఇందులో గాలి కాయ కలిపావయ్యా" అన్నాడు. వీడు కలపలేదు. ట్రేలన్నీ కింద గుమ్మరించి చూసుకోమన్నాడు. షావుకారు వంగి చూడను కూడా చూడలేదు, ఒక కాయని కాలితో పక్కకి నెట్టాడు. కాయని కాలితో తన్నితే ఏ రైతుకి మండదు? "నీ అంతు చూస్తా" అని అరిచి వచ్చేశాడు మావాడు.

మా వైపు ఈ మాట అననివాళ్ళెవరో చెప్పండి. కుళాయి దగ్గర బిందె జరిపితే అంటారు, బస్సులో సీటు మీద వేసిన తువ్వాలు తీస్తే అంటారు. అన్నవాళ్ళందర్నీ లోపలెయ్యాలంటే ఉన్న జైళ్ళు చాలవు. కానీ ఆ రాత్రే ఎవడో షావుకార్ని ఆ షెడ్డులోనే తల మీద ఇనప రాడ్డుతో కొట్టి చంపాడు. తెల్లారి కూలీలు వచ్చి చూశారు. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో అందరి ఫోన్లలో షావుకారి శవం ఫోటో ఒకటి, దాని కింద మా తమ్ముడి పేరు.

మా ఊళ్ళో ఒక పద్ధతుంది. ఏ గొడవొచ్చినా స్టేషను మెట్లెక్కే ముందు పెద్దమనిషి గుమ్మం తొక్కాలి. ఆయన నాలుగు మాటలు చెప్పి మనల్ని వెనకేసుకొస్తాడని. మా పెద్దమనిషి మాకు వరసకి బాబాయి. ఒకప్పుడు ప్రెసిడెంటుగా చేశాడు, ఇప్పుడు చెయ్యకపోయినా ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే తీరు మాత్రం మారలేదు. తమ్ముణ్ణి తీసుకుని నేనే వెళ్ళాను. వరండాలో అప్పటికే నలుగురైదుగురున్నారు. మమ్మల్ని చూడగానే మాటలాపేశారు.

బాబాయి కూర్చోమని కూడా అనకుండా అడిగాడు.

"ఏరా, షావుకార్ని నువ్వే చంపావంటగా?"

పొద్దుటి నుంచి ఆ మాట విని విని వాడికి ఒళ్ళు మండిపోయి ఉంది. మండినప్పుడు వాడు ఏడవడు, వెటకారం చేస్తాడు.

"ఆఁ, నేనే చంపానంటండి! రాడ్డు పెట్టి నేనే కొట్టానంటండి! ఊరంతా చూసిందంట, నాకే తెలీదు" అన్నాడు.

బాబాయి తల పంకించాడు. "సరే, నేను మాట్లాడతాలే, మీరు ఇంటికెళ్ళండి" అన్నాడు. మేం నమ్మి ఇంటికొచ్చాం. ఆయన మాట్లాడాడు. ఎలా మాట్లాడాడంటే, సాయంత్రానికి పోలీసులు వచ్చి మావాడి రెక్కలు విరిచి కట్టారు. 'నా దగ్గరికొచ్చి ఒప్పుకున్నాడండి' అని ఇన్‌స్పెక్టరుతో చెప్పాడట మా బాబాయి. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదట. ఊరి పెద్దమనిషి దగ్గర ఒప్పుకుంటే చెల్లుతుందట. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. పోలీసులకి ముందే తెలుసు కాబట్టి, బాబాయి నోటి నుంచి ఆ మాట రాగానే ఇంకెవర్నీ వెతకలేదు.

ఆయన అబద్ధమాడాడా అని నన్ను చాలామంది అడిగారు. అబద్ధమైతే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో. ఆయనకి ఏ విషయమైనా తనకే ముందు తెలియాలి, తన దగ్గరే తేలాలి. హత్య చేసినవాడు తన గుమ్మంలో నిలబడి ఒప్పుకున్నాడంటే ఆయన గొప్ప పెరిగింది. అందుకని మావాడి మాటలో తనకి పనికొచ్చిన ముక్క ఉంచుకుని మిగతాది ఊడగొట్టాడు. 'చంపానంటండి'లో ఒక్క 'ట' తీసేస్తే చాలుగా.

కోర్టులో సాక్ష్యం ఇంకా దరిద్రంగా నడిచింది. మావాడి మెడ మీద, చేతుల మీద మచ్చలున్నాయని, అవి షావుకారు పెనుగులాడితే పడిన గోళ్ళ గాట్లని అన్నారు. సొన కాలిన మచ్చలవి! ముచ్చిక తుంచితే చిమ్మే సొన ఒంటి మీద పడితే తోలు కాలి నల్లబడుతుంది. కోతల్లో మా వైపు ఏ మగాడి చెయ్యి చూసినా అవే ఉంటాయి. ఆ మాట చెప్పిన సాక్షి చేతుల మీద కూడా ఉండే ఉంటాయి, చొక్కా పొడుగు చేతులది కాబట్టి కనపడలేదు.

ఆ తర్వాత బాబాయి బోనెక్కాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని, అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ మరీ ఎక్కాడు. నిందితుడు సరిగ్గా ఏమన్నాడో చెప్పమంటే, ఆయన మాటలు వల్లించినట్టు చెప్పాడు.

"'నేనే చంపానంటండి, రాడ్డు పెట్టి నేనే కొట్టానంటండి' అన్నాడండి."

నా చెవులతో నేను విన్నాను. ప్రమాణం చేశాడు కదా, వాడు అన్నది అన్నట్టే ఆయన నోటి నుంచి జారింది. తన నోటి నుంచి ఏం జారిందో బాబాయికే తెలీదు. అక్కడ సాక్షి చెప్పేది తెలుగు, కాగితం మీదికి ఎక్కేది ఇంగ్లీషు. 'నేనే చంపాను, రాడ్డుతో కొట్టాను అని నిందితుడు నాతో చెప్పాడు' అనే అర్థం వచ్చేలా టైపు అయిపోయింది. నేను చదివింది ఇంటరే అయినా ఆ మాత్రం ఇంగ్లీషు తెలుసు. గభాల్న లేచి నిలబడి, "అంట అన్నాడండి! అంట అన్నాడు!" అని అరిచాను.

"కూర్చోమ్మా" అని కసిరారు. రెండోసారి అరిచేసరికి కానిస్టేబులు బయటికి పంపేసింది. మేం పెట్టుకున్న వకీలు భోజనం వేళకి బయటికొస్తే పట్టుకుని చెప్పాను. "ఏంటమ్మా మీరు, ట అంటారు, టా అంటారు. మర్డర్ కేసు ఇది, పద్యం అప్పజెప్పడం కాదు" అన్నాడు పళ్ళు కుట్టుకుంటూ. మరి నన్ను సాక్షిగా పిలవండి, నేనూ ఆ వరండాలోనే ఉన్నాగా అన్నాను. అక్క మాట ఎవరూ నమ్మరన్నాడు. మిగతా నలుగురైదుగురూ మర్యాదస్తులు, పెద్దమనిషికి ఎదురు చెప్పరు. ఒకడు కూడా రాలేదు.

శిక్ష వేసిన రోజున షావుకారి భార్య కోర్టు మెట్ల మీద నిలబడి నా మీద దుమ్మెత్తి పోసింది. ఉత్త మాట కాదు, నిజంగానే వంగి గుప్పెడు మట్టి తీసి పోసింది. "నీ వంశం నాశనం కాను" అంది. నేను కూడా ఊరుకోలేదు. ఆ రోజు ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం అనుకున్న మాటలు రాయడానికి బాగుండవు. యావజ్జీవం అంటే ఏంటో అప్పటిదాకా నాకు సినిమాల్లో వినడమే.

ఆ తర్వాత ప్రతి పంటకీ నేనే తోట చూసుకున్నాను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి రాజమండ్రి జైలుకి ములాఖత్‌కి పోయేదాన్ని. మొదట్లో వాడు తోట గురించి అడిగేవాడు. ఏ చెట్టు ఎలా కాసింది, మందు ఎప్పుడు కొట్టించావు అని. తర్వాత తర్వాత అడగడం మానేశాడు. ఒకసారి నేనే చెప్పాను, చింతలపూడి అమ్మాయికి పెళ్ళయిపోయిందని. "మంచిదిలే" అన్నాడు. వాడికి ముప్పై నిండకుండానే జుట్టు తెల్లబడింది.

ఇక్కడ మా బాబాయికి జాలి పుట్టింది. ఏటా తన తోటలో పెద్ద రసాలు ఒక బుట్ట నాకు పంపేవాడు! పిల్లాణ్ణి జైల్లో పెట్టి, అక్కకి పళ్ళు. తెచ్చిన పాలేరు ముందే ఆ బుట్ట మొత్తం గేదెల కుడితిలో పోసేదాన్ని. ఆ సంగతి ఆయనకి చేరాలని అతను చూస్తుండగానే పోసేదాన్ని. అయినా మళ్ళీ ఏడు పంపేవాడు.

హైకోర్టులో మా అప్పీలు చూడడానికి ఉచితంగా ఒక లాయరమ్మని ఇచ్చారు. చిన్నపిల్ల. మొహం చూసి, ఈ పిల్లేం చేస్తుందిలే అనుకున్నాను. కాగితాలు అన్నీ చదివే వచ్చింది. "మీకు ఇందులో లేనిదేమన్నా తెలుసా" అని అడిగింది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. వాడు ఎలా అన్నాడో అలాగే, ఆ విసురుతో సహా అనమంది. అన్నాను. ఆ పిల్ల కుర్చీలో వెనక్కి వాలి, "ఎంత దారుణమండీ ఇది!" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆ పిల్లే. నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆమె, "మీరు చెప్తే చాలదు. మీ బాబాయిగారు మళ్ళీ కోర్టుకొచ్చి ఆ మాట చెప్పాలి, దాన్ని ఈసారి తెలుగులోనే రాయించుకోవాలి" అంది.

ఆయన గుమ్మం మళ్ళీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నదాన్ని, తొక్కాను. పిన్ని కాఫీ తెచ్చి పెట్టింది. ముట్టుకోలేదు.

"మీ దగ్గర వాడు చంపానంట అన్నాడు బాబాయి. చంపాను అనలేదు" అన్నాను.

"రెండింటికీ తేడా ఏంటమ్మా? ఒప్పుకున్నాడనేగా నాకు అర్థమైంది."

"ఊళ్ళోవాళ్ళు అంటున్నారని అన్నాడు!"

"నాకు తెలుగు నేర్పుతావా నువ్వు? జడ్జిగారికే అర్థమైంది, నీకు అవ్వలేదా?" అని లేచి లోపలికి పోయాడు. మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. గేటుకి తాళం వేయడం మొదలెట్టారు.

ఇలా ఉండగా బాపులపాడులో మా చుట్టాల పెళ్ళి వచ్చింది. నన్ను పిలవాలని వాళ్ళకి లేదు, పిలవకపోతే బాగుండదని పిలిచారు. నాకు వెళ్ళాలని లేదు, బాబాయి వస్తాడని వెళ్ళాను. బంతిలో సరిగ్గా ఆయన ఎదురు వరసలో కూర్చున్నాను. ఏదో ఒకటి అని ఆయన తినే అన్నం అరక్కుండా చెయ్యాలి, అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు. పప్పు వడ్డించారు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే హాలంతా వినపడేలా అడిగాను.

"బాబాయ్ గారూ! మా తమ్ముణ్ణి జైలుకి పంపింది మీరేనంటగా?"

విస్తళ్ళ ముందు అందరి చేతులూ ఆగాయి. ఆయన మొహం కందిపోయింది.

"ఆఁ! నేనే పంపానంట! నేనే తాళం కూడా వేశానంట! విన్నారా దీని నోరు!" అని కేకేశాడు.

అప్పుడు నాకు వినపడింది. లేచి నిలబడి హాలు మొత్తం తిరిగి అరిచాను.

"అందరూ విన్నారుగా! ఒప్పుకున్నాడు! జైలుకి నేనే పంపాను, నేనే తాళం వేశానని ఇంతమందిలో ఒప్పుకున్నాడు! మీరంతా సాక్ష్యం!"

"ఎప్పుడొప్పుకున్నానే? నేను అలా అనలేదు!" అన్నాడు ఆయన.

"ఇప్పుడేగా అన్నావు, నేనే పంపానని!" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

"పంపానంట అన్నాను! అంట అన్నానే! అంట అంటే నేను ఒప్పుకున్నట్టా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత రెండు వరసలూ నవ్వాయి. ఆయనకి ఇంకా అర్థం కాలేదు. పక్కన కూర్చున్న పిన్నికి ముందు అర్థమైంది. "ఇంక ఊరుకోండి" అని ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన నా మొహంలోకి చూశాడు, తర్వాత చేతిలో ముద్ద వైపు చూశాడు, ముద్ద విస్తట్లో పెట్టేసి లేచిపోయాడు. నేను మాత్రం కూర్చుని పెరుగు దాకా శుభ్రంగా తిన్నాను.

బాబాయికి న్యాయం తట్టి కోర్టుకి వచ్చాడని ఎవరైనా అంటే నమ్మకండి. నవ్వులు తట్టుకోలేక వచ్చాడు. ఆ పెళ్ళి తర్వాత ఆయన రోడ్డు మీదికొస్తే చాలు, టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు "వస్తున్నాడంట, కూర్చుంటాడంట" అనేవాళ్ళు. పెద్దమనిషి దగ్గరికి పంచాయితీలు రావడం ఆగిపోయింది. హైకోర్టు కింది కోర్టుతో, ఆయన్ని మళ్ళీ విచారించి, ఆ మాట ఉన్నదున్నట్టు తెలుగులో రాసి పంపమన్నప్పుడు, ఆయన వచ్చి తల దించుకుని చెప్పాడు. ఈసారి చొక్కా నలిగి ఉంది. నాకు జాలి వెయ్యలేదు.

తీర్పులో మా తమ్ముడి మీద నేరం రుజువు కాలేదని రాశారు. ఎనిమిదో పంట చేతికొచ్చే వేళకి వాడు ఇంటికొచ్చాడు. ఆ రోజు మా గేటు దగ్గర జనం చూడాలి! దండలు, స్వీటు డబ్బాలు. ఎరువుల కొట్టతను ముందు వరసలో నిలబడి వీడియో తీస్తున్నాడు. "మాకు ముందే తెలుసండీ, ఆ అబ్బాయి అలాంటివాడు కాదని" అన్నాడు. తెలిస్తే ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావని అడిగాను. దండ వాడి మెడలో పడకుండా లాక్కుని రోడ్డు మీద పారేసి గేటుకి తాళం వేశాను. తమ్ముడు "అక్కా, పాపం" అన్నాడు. వాడికి ఎవర్ని చూసినా పాపమే.

నాలుగు రోజులు పోయాక, మిట్టమధ్యాహ్నం, షావుకారి భార్య ఒక్కతే వచ్చి గేటు పట్టుకుని నిలబడింది. అప్పీలు నడిచినన్నాళ్ళూ ప్రతి వాయిదాకీ వచ్చేది, అవతలి బెంచీ మీద కూర్చుని నన్ను చూపులతో కాల్చేది. మళ్ళీ మట్టి పోయడానికి వచ్చిందనుకుని నేను చీపురు తీసుకున్నాను. తమ్ముడు నన్ను దాటుకుని వెళ్ళి గేటు తీశాడు.

ఆమె తిట్టలేదు. వాడి తెల్లజుట్టు వైపు చూసింది.

"మరి మా ఆయన్ని చంపిందెవరు బాబూ?" అంది.

"తెలీదమ్మా" అన్నాడు వాడు.

"ఇన్నేళ్ళూ నిన్ను తిట్టుకుంటూ నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవాలి?"

మా ఇంట్లో ఆ మాట అప్పటిదాకా ఎవరి నోటి నుంచీ రాలేదు. మావాడు చంపలేదు, చంపలేదు అనే అరిచాం కానీ, చంపినవాడు ఒకడున్నాడుగా! షావుకార్ని కొట్టి రాడ్డు పారేసినవాడు, మావాడు జైల్లో ఉన్నన్నేళ్ళూ ఈ ఊళ్ళోనే ఉన్నాడో, హాయిగా పళ్ళు తిన్నాడో. ఆ బంతిలో కూర్చుని నవ్వాడేమో కూడా. అసలు ఆ తెల్లారి పోలీసులు ఇంకో గుమ్మం తొక్కి ఉంటే ఇద్దరాడవాళ్ళం ఇలా గేటుకి చెరో పక్కా నిలబడేవాళ్ళం కాదు.

చీపురు పక్కన పెట్టి చెప్పులేసుకున్నాను. "పదండి" అన్నాను ఆమెతో. ఎక్కడికని అడగలేదు, నా వెనకే వచ్చింది.

స్టేషన్లో కొత్త ఇన్‌స్పెక్టరు. చాలా మర్యాదస్తుడు. మా ఇద్దరికీ బెంచీ చూపించి మంచినీళ్ళు ఇప్పించాడు. వచ్చిన పని చెప్పాం. విని, నా వైపు తిరిగి అన్నాడు.

"అది పాత కేసండీ, అయిపోయింది. మీ తమ్ముణ్ణి వదిలేశారుగా, ఇంకేం కావాలండి మీకు?"

"ఈవిడ మొగుణ్ణి చంపినవాడు కావాలి" అన్నాను.

ఆయన నవ్వి, తర్వాత చూద్దాం, ఇంటికెళ్ళండి అన్నాడు. షావుకారి భార్య బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. మేమిద్దరం లేవలేదు.